రుచి చూడని లెక్క

1990 మార్చి 4న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వైన్ గురించి ఒక వార్త వచ్చింది. అందులో ద్రాక్షతోటల అందాలు లేవు, విందుల ముచ్చట్లు లేవు. ఒక సమీకరణం ఉంది. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్ ఏ సంవత్సరానిది ఎంత గొప్పదవుతుందో, చుక్క కూడా నోట్లో వేసుకోకుండానే చెప్పవచ్చునని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ ఆర్లీ యాషెన్‌ఫెల్టర్ అంటున్నారన్నది ఆ వార్త. ఆ ఏడు తోటల మీద ఎండ ఎంత కాసిందో, వాన ఎంత పడిందో, ఏ నెలల్లో పడిందో తెలిస్తే చాలునట.

వైన్ లోకం భగ్గుమంది. మేరీలాండ్‌లో కూర్చుని 'ది వైన్ అడ్వకేట్' పత్రిక నడిపే రాబర్ట్ పార్కర్ అప్పటికి ఆ లోకంలో తిరుగులేని తీర్పరి. వందకు ఆయన ఎన్ని మార్కులు వేస్తే ధర అటు నడిచేది. ఆయన ఈ లెక్కను ఆదిమానవుల పద్ధతిగా కొట్టిపారేశారు. సినిమా చూడకుండా, నటులెవరో దర్శకుడెవరో తెలుసుకుని బాగుందో లేదో చెప్పేసే విమర్శకుడితో పోల్చారు. ఈ తిట్టు తెలుగువాళ్లకు తిట్టులా వినిపించదు. మన డిస్ట్రిబ్యూటర్లు సినిమా కొనేది అచ్చంగా అలాగే కదా! హీరో ఎవరు, డైరెక్టర్ ఎవరు, వాళ్ల వెనకటి సినిమాలు ఎంత వసూలు చేశాయి. అదీ ఒక రకం రిగ్రెషనే, అంటే పాత అంకెల్లోంచి కొత్త అంకెను అంచనా కట్టే లెక్కే, కాగితం మీద పెట్టరంతే.

పార్కర్ కోపం మాట అలా ఉంచితే, బోర్డో వైన్ వ్యాపారంలో జోస్యం తప్పనిసరి. అక్కడ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ద్రాక్ష కోస్తారు. రసం పులిసి వైన్ అయ్యాక ఓక్ చెక్క పీపాల్లో ఏడాదిన్నర, రెండేళ్లు ఉంచి సీసాల్లోకి దించుతారు. మంచి సీసా తాగడానికి సిద్ధమయ్యేది ఆ తర్వాత పదేళ్లకు, ఒక్కోసారి ఇరవయ్యేళ్లకు. అమ్మకం మాత్రం అంతకాలం ఆగదు. కోసిన మరుసటి వసంతంలోనే, సరుకు ఇంకా పీపాలో ఉండగానే, బేరాలు మొదలైపోతాయి. అప్పుడు దాన్ని నోట్లో పోసుకుంటే నాలుక పిడచగట్టే వగరు. ఆ వగరులోంచి పదేళ్ల తర్వాతి రుచిని పసిగట్టడం పార్కర్ లాంటివాళ్ల విద్య. యాషెన్‌ఫెల్టర్ వేసిన ప్రశ్న ఒకటే: ఆ విద్య లేకుండా అదే పని ఎంతవరకు చేయగలం?

ముందుగా ఆయన తేల్చుకున్నది దేన్ని అంచనా వేయాలన్నది. విమర్శకుల మార్కులను తీసుకోలేదు. డేవిడ్ యాష్‌మోర్, రాబర్ట్ లాలోండ్‌లతో కలిసి చేసి తర్వాత ప్రచురించిన ఈ పనిలో, లండన్ వేలంపాటల్లో 1990, 1991లలో పాత బోర్డో సీసాలు పలికిన ధరలను తీసుకున్నారు. 1952 నుంచి 1980 దాకా పండిన పంటలవి. అంటే ఆ వైన్ అప్పటికి పండి, ఎందరో తాగి, బాగుందో లేదో తేలిపోయిన సరుకు. ఏళ్లు గడిచాక జనం సొంత డబ్బు పెట్టి ఇచ్చిన తీర్పు ఆ ధర. 1954, 1956 పంటలు బజారులో దొరకడమే అరుదు కాబట్టి వాటిని వదిలేశారు. మిగిలినవి 27 సంవత్సరాలు, అంటే గ్రాఫు మీద 27 చుక్కలు. కోట్ల వరసల డేటా మీద మోడళ్లు కట్టే ఈ రోజుల్లో ఈ అంకె వింటే నవ్వొస్తుంది.

పద్ధతీ కొత్తదేమీ కాదు. 1805లో ఫ్రెంచి గణితవేత్త లెజాండ్ర్ తోకచుక్కల కక్ష్యలు లెక్కగట్టేందుకు అచ్చువేసిన కనిష్ఠ వర్గాల పద్ధతే. చుక్కల గుంపు మధ్యగా ఒక గీత గీస్తాం. ప్రతి చుక్కా గీతకు ఎంత పైనుందో, ఎంత కిందుందో కొలిచి, ఆ తేడాను వర్గం చేసి, అన్నీ కూడతాం. ఆ మొత్తం ఏ గీతకు అన్నిటికన్నా తక్కువగా వస్తే అదే మన గీత. కారణం ఒకటి కాక నాలుగైతే అది కాగితం మీద గీయలేని గీత అవుతుంది గానీ లెక్క మారదు. ఈ సిద్ధాంతం కోసం ప్రపంచమంతా తిరగేసిన పుస్తకాల్లో ఒకటైన 'లీనియర్ స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్స్' 1965లో వచ్చింది. రాసినది మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు. డేటా సైన్స్ బోర్డుల కింద నడిచిపోయే అమీర్‌పేట కుర్రాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

యాషెన్‌ఫెల్టర్ బృందం తీసుకున్న కారణాలు నాలుగు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సగటు ఉష్ణోగ్రత ఒకటి. ఆగస్టు, సెప్టెంబరుల్లో, అంటే కోతకు ముందు, కురిసిన వాన రెండోది. దానికి ముందటి చలికాలంలో, అక్టోబరు నుంచి మార్చి దాకా పడిన వాన మూడోది. సీసా వయసు నాలుగోది. ధరను ఉన్నదున్నట్టు కాక దాని లాగరిథమ్ తీసుకున్నారు. అప్పుడు ధర ఇన్ని పౌండ్లు పెరిగిందని కాకుండా ఇంత శాతం పెరిగిందని చెప్పే వీలుంటుంది. 1995లో 'ఛాన్స్' పత్రికలో వచ్చిన వారి వ్యాసం ప్రకారం గుణకాలివి: ఉష్ణోగ్రతకు 0.616, కోతవేళ వానకు మిల్లీమీటరుకు మైనస్ 0.00386, చలికాలపు వానకు 0.00117, వయసుకు ఏడాదికి 0.0238.

ఈ అంకెలను మామూలు భాషలోకి దించితే ఇలా ఉంటుంది. వేసవి సగటు ఒక డిగ్రీ పెరిగితే ధర 85 శాతం దాకా పెరుగుతుంది. కోతకు ముందు వంద మిల్లీమీటర్ల వాన అదనంగా పడితే మూడో వంతు దాకా పడిపోతుంది. చలికాలంలో అదే వంద మిల్లీమీటర్లు పడితే 12 శాతం మేలు. వయసు వల్ల వచ్చేది ఏడాదికి రెండున్నర శాతం లోపే. రెండు పంటలు తీసుకుందాం, మిగతావన్నీ సమానమనుకుందాం. ఒకదానికి వేసవి సగటు 17 డిగ్రీలు, కోతవేళ వాన 50 మిల్లీమీటర్లు. రెండోదానికి 16 డిగ్రీలు, 150 మిల్లీమీటర్లు. లాగరిథమ్‌లో తేడా 0.616, 0.386 కలిపి సుమారు 1. అంటే మొదటి పంట వైన్ రెండోదానికన్నా 2.7 రెట్లు పలకాలి. అదే తోట, అదే తీగ, అదే మనుషులు. ఒక్క డిగ్రీ ఎండ, నాలుగు పెద్ద వానలు, అంతే తేడా.

ఏడాదికీ ఏడాదికీ ధరల్లో కనిపించే ఎగుడుదిగుళ్లలో 83 శాతాన్ని ఈ నాలుగు కారణాలే పట్టుకున్నాయి. వయసు ఒక్కదాన్నే పెట్టుకుంటే దొరికేది 21 శాతం. మిగతాదంతా వాతావరణం పుణ్యమే.

రిగ్రెషన్ నేర్పేటప్పుడు కథ ఇక్కడితో ఆపేస్తారు. చూశారా, లెక్క నిపుణుణ్ని ఓడించిందంటారు. నాకైతే అసలు పాఠం ఇక్కడి నుంచే మొదలవుతుందనిపిస్తుంది. ఈ గీత ఇంత బాగా పనిచేయడానికి కారణం గీతలో లేదు, బోర్డోలో ఉంది.

ఎండ బాగా కాసి, కోతకు ముందు పొడిగా ఉంటే ద్రాక్ష చక్కగా పండుతుందని, ఆఖర్లో వాన పడితే కాయలో నీరు చేరి రసం పలచబడుతుందని బోర్డో రైతులకు తరతరాలుగా తెలుసు. డేటాను గాలిస్తుంటే దొరికిన కారణాలు కావివి. సమీకరణం చేసిందల్లా తెలిసిన సంగతికి కొలత చెప్పడం. ఎండ మంచిదని రైతు అంటాడు, ఎంత మంచిదో సమీకరణం అంటుంది. కారణాల పట్టికను డేటా చూడకముందే తయారుచేసుకోగలగడం అన్ని చోట్లా దొరికే అదృష్టం కాదు.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది, దాన్ని పాఠాల్లో చెప్పగా నేను పెద్దగా చూడలేదు. సెప్టెంబరు ముగిసేసరికి ఈ సమీకరణానికి కావలసిన వాతావరణం అంకెలన్నీ చేతికొచ్చేస్తాయి. ఎండ కాసేసింది, వాన కురిసేసింది. ఫలితం పీపాలో ఉంది, పైకి కనిపించడానికి పది, ఇరవయ్యేళ్లు పడుతుందంతే. యాషెన్‌ఫెల్టర్ చెప్పింది భవిష్యత్తు అన్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి ఆయన చదివింది జరిగిపోయినదాన్ని. తేలాల్సింది ఉంది గానీ జరగాల్సింది పెద్దగా లేదు. పైగా ఈ జోస్యం విని ఎండ మనసు మార్చుకోదు, పీపాలోని వైన్ రుచీ మారదు.

ఈ వైన్ డేటాతోనే అమెరికాలోని ఎంఐటీ 'ది అనలిటిక్స్ ఎడ్జ్' అనే ఆన్‌లైన్ కోర్సులో లీనియర్ రిగ్రెషన్ మొదటి పాఠం చెబుతారు. అందులో కావాలనే ఇంకో నిలువు వరస చేర్చారు. అది ఫ్రాన్స్ జనాభా. 1952లో 4.3 కోట్ల పైచిలుకు ఉన్న జనాభా 1970ల చివరికి 5.3 కోట్లు దాటింది. ఏటా జనాభా పెరుగుతుంది, ఆ ఏటి సీసా వయసు అంతకుముందుదానికన్నా ఒక ఏడు తక్కువ. రెండూ ఒకే తాడు రెండు కొసలన్నమాట. రెండింటినీ సమీకరణంలో పెడితే ఏదీ పనికొచ్చేదిగా కనిపించదు, ఒకదాని బలాన్ని ఇంకొకటి తినేస్తుంది. వయసు తీసేసి జనాభాను మాత్రమే ఉంచితే వైన్ ధరను ఫ్రెంచివాళ్ల జననాలు నిర్ణయిస్తున్నాయని సమీకరణం నిక్షేపంగా చెబుతుంది. అంకెలకు సిగ్గుండదు. వయసు ఉండాలా, జనాభా ఉండాలా అన్నది కంప్యూటరు తేల్చలేదు. పాత వైన్‌కు ధరెందుకు పెరుగుతుందో తెలిసినవాడు తేల్చాలి.

మరి జోస్యాలు ఫలించాయా? 1989 పంట మహా గొప్పదవుతుందని, 1990 పంట దాన్నీ మించుతుందని యాషెన్‌ఫెల్టర్ చెప్పారు. రెండూ గొప్ప సంవత్సరాలుగానే నిలిచాయి. 1986 సంగతి వేరు. ఆ ఏడు ఎండ చాలలేదు, కోతవేళ వాన ఎక్కువ, కాబట్టి సాదాసీదా పంటేనని సమీకరణం అంది. పార్కర్ అప్పట్లోనే మెచ్చుకున్నారు. తర్వాతి కాలంలో ఆ ఏటి మూతాన్ రోషిల్డ్ తోట వైన్‌కు ఆయన వందకు వంద ఇచ్చారు. ఈ పందెంలో లెక్క గెలిచిందని నేను చెప్పలేను. సమీకరణం చెప్పేది సంవత్సరం సగటు. ఒక్కో తోట నేల, కోసిన రోజు, వైన్ చేసేవాడి నేర్పు ఆ సగటులో కనిపించవు, సంవత్సరాల మధ్య తేడాలోనూ 17 శాతం లెక్కకు అందకుండా మిగిలిపోతుంది. పార్కర్ నాలుక పనిచేసేది అక్కడ.

ఇంకో హద్దు కూడా ఉంది. ఆ 27 ఏళ్లలో వేసవి సగటు సుమారు 15 నుంచి 17.7 డిగ్రీల మధ్యే తిరిగింది. గీతకు తెలిసిన ప్రపంచం అంతే. 2003లో యూరప్‌ను వడగాడ్పులు మాడ్చేశాయి, బోర్డోలో కొన్నిచోట్ల ఆగస్టులోనే కోతలు మొదలయ్యాయి. డిగ్రీకి 85 శాతం లెక్కన ఆ వైన్ ఆకాశాన్నంటాలి. తీరా చూస్తే కొన్ని తోటల వైన్‌ను నెత్తికెత్తుకున్నారు, కొన్నిటిని ఉడికిన పండులా ఉందని పెదవి విరిచారు. ఎండ మంచిదన్న మాట ఎక్కడిదాకా నిజమో, తను చూడని ఎండల గురించి డేటా చెప్పలేదు. గీత మాత్రం ఆగకుండా పైకి పోతూనే ఉంటుంది.

ఇదే పద్ధతికి మన దేశంలో బోర్డోకన్నా పాత చరిత్ర ఉంది. ఇక్కడ జోస్యం వైన్ మీద కాదు, నైరుతి రుతుపవనాల మీద.

1877లో వానలు మొగం చాటేసి, మన పెద్దలు ధాత కరువని చెప్పుకునే కరువు ముదిరాక, వాన ముందే తెలుస్తుందా అని ప్రభుత్వం వాతావరణ శాఖను అడిగింది. ఆ శాఖ తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మంచును ఆధారం చేసుకుని 1886 నుంచి ఏటా అంచనాలు వెలువరించారు. 1899లో మళ్లీ కరువొచ్చినప్పుడు ఆ పద్ధతి ఆదుకోలేదు. 1904లో గిల్బర్ట్ వాకర్ వచ్చారు. ఆయన వాతావరణం చదివినవాడు కాదు, కేంబ్రిడ్జి గణితవేత్త. (1913లో మద్రాసు వచ్చి రామానుజన్ నోటు పుస్తకాలు చూసి, ఇతనికి స్కాలర్‌షిప్ ఇవ్వాలని యూనివర్సిటీకి రాసినది ఈయనే.) సిమ్లాలో గుమాస్తాలను కూర్చోబెట్టి, ప్రపంచం నలుమూలల గాలిపీడనాలు, ఉష్ణోగ్రతలు, వానలు తెప్పించి, దేనికి మన నైరుతితో పొత్తు కుదురుతుందో చేతిలెక్కతో కట్టించారు. పసిఫిక్ మహాసముద్రం అటూ ఇటూ ఊగే పీడనాల సంగతి అలా బయటపడిందే.

ఆ పనిలో ఒక ప్రమాదముందని వాకర్‌కు ముందే తెలుసు. వంద ఊళ్ల పీడనాలను మన వానతో పోల్చిచూస్తే, ఏ సంబంధం లేకపోయినా, ఓ ఐదు ఊళ్లు కాకతాళీయంగానే గట్టిగా సరిపోలతాయి. వాటినే ఏరి సమీకరణం కడితే గతానికి ముచ్చటగా అతుకుతుంది, వచ్చే ఏడాదికి చేతులెత్తేస్తుంది. అందుకే ఎన్నిటిలోంచి ఏరామన్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని 1914లోనే ఆయన వ్యాసం రాశారు. ఆ వ్యాసాన్ని మనవాళ్లు ఇంకాస్త శ్రద్ధగా చదివి ఉండాల్సింది.

1988లో శాస్త్రవేత్త వసంత్ గోవారికర్ బృందం 16 కారణాలతో కొత్త మోడల్ తెచ్చింది. సరళరేఖ కాదు గానీ దాని దగ్గరి చుట్టమే, ఘాతాంకాలతో కట్టిన రిగ్రెషన్. హిమాలయాల మంచు, యురేషియా మంచు, పసిఫిక్ నీళ్లు వేడెక్కే ఎల్ నినో, ఆస్ట్రేలియాలోని డార్విన్ దగ్గరి పీడనం, చివరికి అర్జెంటీనా పీడనం కూడా అందులో ఉన్నాయి. 1989 నుంచి 2001 దాకా 13 ఏళ్లు మోడల్ సాధారణ వర్షపాతమంది, దేశం మొత్తం మీద అలాగే పడింది. పేరొచ్చింది. కాకపోతే ఆ 13 ఏళ్లూ కళ్లు మూసుకుని సాధారణమే అన్నవాడికీ అంతే పేరు రావాలి. పరీక్ష పెట్టే సంవత్సరం ఒక్కటీ రాలేదు.

వచ్చింది 2002లో. దీర్ఘకాల సగటులో 101 శాతం పడుతుందన్నారు, పడింది 81 శాతం. జులైలో దేశవ్యాప్తంగా సగం వానే పడింది. రైతులు విత్తనాలు వేసి ఆకాశం చూస్తూ కూర్చున్నారు. మరుసటి ఏడు ఆ మోడల్‌ను పక్కన పెట్టి, 8 కారణాలది ఒకటి, 10 కారణాలది ఒకటి తెచ్చారు. 2004లో అవీ తప్పాయి: 100 శాతం అంటే 87 శాతం పడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో పనిచేసే టిమ్ డెల్‌సోల్, జగదీశ్ శుక్లా నైరుతి డేటా మీద పరిశోధన చేసి, కారణాలన్నిటినీ ఒక్కసారే కూరిన సమీకరణాలకన్నా, కళ్లబడని సంవత్సరాల మీద పరీక్షించి ఏరిన చిన్న సమీకరణాలే నయమని చూపారు.

అయితే 16 బదులు నాలుగు కారణాలు పెట్టి ఉంటే నైరుతీ బోర్డో అయ్యేదా? కాదనే నా నమ్మకం. బోర్డోలో కారణాలు జరిగిపోయాక జోస్యం చెబుతారు. మన దగ్గర మే నెలలో చెప్పేసరికి వాన కురిపించాల్సిన అల్పపీడనాలు ఇంకా పుట్టనైనా పుట్టలేదు. మంచు, పీడనాలు వాన కారణాలు కావు, చాలా దూరపు సంకేతాలు. పైగా సంకేతానికీ వానకూ ఉన్న పొత్తే కాలంతో మారుతుంది. 1997లో ఎల్ నినో ఉగ్రరూపం దాల్చింది, పాత లెక్కల ప్రకారం కరువు రావాలి. వాన సగటును మించి 102 శాతం పడింది. ద్రాక్షకూ ఎండకూ ఉన్న పొత్తు అలా తెగిపోదు. ఇప్పుడు వాతావరణ శాఖ సముద్రాన్నీ గాలినీ భౌతికశాస్త్ర సూత్రాలతో నడిపి చూసే మోడళ్ల మీద ఎక్కువగా ఆధారపడుతోంది. అది వేరే కథ.

మిర్చి ధరల సంగతి ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ జోస్యం విన్నవాడే ఫలితాన్ని మార్చేస్తాడు. 2016లో క్వింటాలు పది పన్నెండు వేలు పలికింది. ఆ గీతను ముందుకు పొడిగించి చూసుకుని అందరూ మిర్చే వేశారు. 2017 వేసవికి ధర మూడు నాలుగు వేలకు దిగజారింది. ఖమ్మం మార్కెట్ యార్డులో రైతులు తిరగబడ్డారు, కేంద్రం 5,000 రూపాయలకు కొంటామని ముందుకు రావాల్సి వచ్చింది. రైతు వేసిన లెక్కలో తప్పు లేదు. అదే లెక్క లక్షమంది వేయడమే తప్పు. నిరుటి ధరతో వచ్చే ఏటి ధరను అంచనా వేసే సమీకరణంలో ఆ లక్షమంది నిర్ణయం ఎక్కడా ఉండదు.

బోర్డోకు నిజంగా దగ్గరి పని మన నేల మీద ఒకటి జరిగింది, దాన్ని ఎవరూ బోర్డోతో పోల్చగా నేను చూడలేదు. 2002 కరువు మరుసటి ఏడే, 2003లో, మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి, ప్రపంచ బ్యాంకు సాయంతో, వేరుశనగ, ఆముదం రైతులకు వాన బీమా అమ్మాయి. దేశంలో అలాంటిది అదే మొదలు. మొదటి ఏడు చేరింది 230 మంది రైతులు. పంట పోయిందో లేదో చూడ్డానికి ఎవరూ పొలానికి రారు. వానగేజీలో పడాల్సినంత వాన పడకపోతే, ఎంత తక్కువైతే అంత డబ్బు, లెక్క ప్రకారం వచ్చేస్తుంది. పంట ఎదిగే ఏ దశలో ఎంత వాన తగ్గితే దిగుబడి ఎంత పడుతుందన్నదే ఆ లెక్క. కారణాలు నాలుగైదుకు మించవు, వాటి వెనక రైతుకు తెలిసిన వ్యవసాయం ఉంది, డబ్బు లెక్కగట్టేసరికి వాన కురవడమో ఎగ్గొట్టడమో అయిపోయి ఉంటుంది. పైరవీకి చోటు లేదు, వాన గేజీకి లంచం ఇవ్వలేం.

కానీ లెక్కకు అందకుండా మిగిలిన ఆ 17 శాతం గుర్తుందా? బోర్డోలో ఆ మిగులు తేడా మీద నష్టపోయేవాడు నేలమాళిగలో వందల సీసాలు దాచుకునే ఆసామి. మహబూబ్‌నగర్‌లో నష్టపోయేది నాలుగెకరాల రైతు. మెట్ట ప్రాంతంలో వాన ఒక ఊళ్లో కుండపోతగా కురిసి పక్క ఊళ్లో చుక్క రాలదు. గేజీ ఉన్న చోట పడి నా చేలో పడకపోతే, లెక్క ప్రకారం నాకు కరువు రానట్టే. ఆర్థికవేత్తలు జేవియర్ జీనే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ విక్రీ మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల ఇళ్లు తిరిగి ఈ బీమా ఎవరు కొంటున్నారో పరిశీలించారు. నష్టభయం ఎక్కువున్నవాళ్లే బీమా ఎక్కువ కొనాలి. కనిపించింది అందుకు తలకిందులు: భయపడేవాళ్లే తక్కువ కొన్నారు. పెద్దగా తెలియని కాగితం మీద డబ్బు పెట్టడమే వాళ్లకు ఇంకో భయం. రిగ్రెషన్ చదవని రైతులు మిగులు తేడా తమ నెత్తినే పడుతుందని పసిగట్టారని నాకనిపిస్తుంది.

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకం ఆ తేడాను వేరే దారిలో పట్టుకోవాలని చూసింది. వాన ఆధారిత బీమా కొన్ని పంటలకు ఇప్పటికీ పక్కన నడుస్తోంది గానీ, ప్రధాన పంటలకు దిగుబడినే తూచాలన్నారు. గ్రామ పంచాయతీలో కనీసం నాలుగు చోట్ల, లాటరీ తీసినట్టు పొలాలు ఎంచుకుని, కొలిచిన మడిలో పంట కోసి, నూర్చి, తక్కెడలో పెట్టాలి. అంటే ఇక్కడ రుచి చూసి తీరాలన్నారు. ఖర్చు ఎక్కువ, పైరవీకి చోటూ ఎక్కువే. నాలుగు చోట్ల తూచినదాన్నుంచి ఊరంతటి దిగుబడి చెప్పడం కూడా మళ్లీ అంచనాయే, దానికీ మిగులు తేడా ఉంటుంది. కాకపోతే ఆ తేడా ఊరి పొలిమేర లోపలే ఉంటుంది, ఎక్కడో మండల కేంద్రంలోని వానగేజీ దగ్గర కాదు.